పద్నాలుగో టేపు

మిషన్ టేపును నమిలేస్తోంది.

ఆ చప్పుడు నాకు బాగా తెలుసు. మామూలుగా తిరిగే టేపు పిల్లి గుర్రు పెట్టినట్టు ఉంటుంది. నలిగే టేపు ఎండుటాకుల మీద ఎవరో నడుస్తున్నట్టు ఉంటుంది. ఒక్క అంగలో బల్ల దాటి వెళ్ళి గోడకున్న ప్లగ్గు పీకేశాను. అలాంటప్పుడు ఆపే మీట నొక్కకూడదు. నొక్కితే మిషన్ టేపును లోపలికి లాక్కోవాలని చూస్తుంది, నలిగింది కాస్తా తెగిపోతుంది.

"పోయిందా? టేపులక్కా, పోయిందా?" చెల్లెలు నా భుజం పట్టుకుని కుదిపేసింది.

"ఇంకా పోలేదు. నువ్వు నా చెయ్యి వదిలితే అసలు పోదు."

చెయ్యి వదిలింది. గోడ గడియారం రెండూ యాభై చూపిస్తోంది. బస్సు నాలుగుంపావుకి.

నా కొట్టు బస్టాండుకు ఎదురుగా మేడ మీద ఉంటుంది. ఒకే గది, మూడు మిషన్లు, ఒక పెద్ద తెర. జనం పాత వీడియో టేపులు తెస్తారు, నేను వాటిని ఫోనులో చూసుకునేలా మార్చి ఇస్తాను. అందుకే వీధంతా నన్ను టేపులక్క అంటారు. పద్దెనిమిదేళ్ళుగా ఊళ్ళో పిల్లలు పెరగడం నేను ఈ తెర మీదే చూశాను. మొదటి బిడ్డకి ఎనిమిది టేపులుంటాయి. రెండో బిడ్డకి రెండు. మూడో బిడ్డ మిగతావాళ్ళ వెనకాల ముక్కు తుడుచుకుంటూ నడుస్తూ కనిపిస్తాడు, అంతే. ప్రతి టేపులోనూ "నవ్వు, నవ్వవే" అనే గొంతు ఒకటి ఉంటుంది. నవ్వని పిల్ల ఒకతె ఉంటుంది.

ఆ మధ్యాహ్నం నా గదిలో నాతో కలిపి ఐదుగురం ఉన్నాం. ఎవరూ నవ్వడం లేదు.

చెల్లెలిని వాళ్ళింట్లో పిచ్చుక అంటారు. ముప్పై నాలుగేళ్ళు. కుడికాలు కొంచెం ఈడ్చి నడుస్తుంది. వాళ్ళన్నయ్యను దొర అంటారు, ఆమెకంటే ఐదేళ్ళు పెద్ద. కిటికీ దగ్గర నిలబడి బస్సుల్ని చూస్తున్నాడు. తలుపు పక్క కుర్చీలో వాళ్ళమ్మ, ఒళ్ళో చేతిసంచి, మొహం ఎటో. సామాన్ల పక్కన స్టూలు మీద వాళ్ళ మేనత్త, వాళ్ళ నాన్నకి చెల్లెలు. దొరను తొమ్మిదో ఏట నుంచి పెంచింది ఆవిడే, వేరే ఊళ్ళో.

ఎందుకు పెంచింది? ఆ సంగతి మెట్లెక్కుతుంటేనే పిచ్చుక నాకు చెప్పేసింది. ముప్పై ఏళ్ళ క్రితం ఒక ఆదివారం, పిచ్చుకకి నాలుగేళ్ళప్పుడు, మేడ మెట్ల మీంచి కింద పడింది. కాలు రెండు చోట్ల విరిగింది. తోసింది అన్నయ్యేనని అమ్మ అంది. ఆ తర్వాత ఆవిడ కొడుకు మొహం చూడలేకపోయింది. వారం తిరక్కముందే మేనత్త వాణ్ణి తన వెంట తీసుకెళ్ళిపోయింది. నాన్న పోయినప్పుడు కూడా దొర గుమ్మం దాకా వచ్చి వెళ్ళిపోయాడట.

నిన్న పిచ్చుక కొడుకు రెండో పుట్టినరోజు. ఎంతో బతిమాలితే మేనమామగారు వచ్చారు. ఈ పొద్దున వాడు మామయ్య మెడ పట్టుకుని మేడ మీద ఆడుకుంటుంటే అమ్మ పరుగున వచ్చి పిల్లవాణ్ణి లాగేసుకుంది.

"మెట్ల దగ్గర వీణ్ణి నీ చేతికివ్వను. ఒక్కసారి చాలు."

దొర సంచి సర్దుకున్నాడు. "ఇంక నన్ను పిలవకు, పిచ్చుకా" అన్నాడు.

పిచ్చుకకు ఆ ఆదివారం ఒక్క ముక్క గుర్తులేదు. అప్పుడు గుర్తొచ్చింది ఒకటే: వాళ్ళ నాన్న తీసిన పద్నాలుగు టేపులు పోయిన వారం నాకిచ్చింది, అందులో పద్నాలుగోది ఆ ఆదివారం నాటిది. దానిమీద నాన్న ఎర్ర సిరాతో "పాడైంది" అని రాశాడు. ముప్పై ఏళ్ళలో ఎవరూ దాన్ని చూడలేదు. "అందరూ పదండి, బస్సెక్కేముందు అది చూసి వెళ్ళండి" అని మొండికేసి ముగ్గురినీ లాక్కొచ్చింది. చూపించబోతే మిషన్ నమిలింది.

"పాడైందని మీ నాన్న రాసి పెట్టాడు కదే" అంది మేనత్త. "పాడైనదాన్ని పట్టుకుని ఈ తాపత్రయం ఎందుకు?"

"పాడైందో లేదో నేను చెప్తాను" అన్నాను. "ముందు బయటికి రానివ్వండి."

మిషన్ మూత విప్పాను. టేపు లోపలి చక్రానికి రెండు చుట్లు చుట్టుకుపోయి ఉంది. పట్టకారు తీశాను. దాని మొన చుట్టు కిందికి దూరక రెండుసార్లు జారింది.

"ఇలా ఇవ్వండి" అంటూ మేనత్త స్టూలు జరుపుకుంది. "నాది కుట్టుపని. సూదిలో దారం చీకట్లో కూడా ఎక్కిస్తాను." ఆవిడ పట్టకారు తీసుకుని, ఊపిరి బిగబట్టి, చక్రం చుట్టూ ఉన్న టేపును వెంట్రుక లాగినట్టు లాగింది. ఎక్కడా తెగలేదు.

"చెయ్యంటే ఇదీ" అన్నాను.

కిటికీ దగ్గర్నుంచి దొర మొదటిసారి నోరు విప్పాడు. "మా అత్తయ్య చేతికి తిరుగులేదండి. ఒక్క ఫొటోలు తియ్యడం తప్ప. నా చిన్నప్పటి ఫొటోలన్నిటిలో ఓ మూల ఆవిడ వేలుంటుంది. పక్కనున్న ఆ బుగ్గల పిల్లాడెవరూ అని అడుగుతారు చూసినవాళ్ళు."

"నోరు మూసుకోరా. ఫొటో తీసే దిక్కు నేనొక్కదాన్నేగా నీకు."

అమ్మ కుర్చీ కిర్రుమంది.

టేపును తెల్లటి గుడ్డ మీద పరిచాను. నలిగింది మూరెడు ఉంటుంది. మధ్య భాగం పరవాలేదు, పైఅంచు మాత్రం జాకెట్టు కుచ్చిళ్ళలా ముడుచుకుపోయింది.

"ఆ ముక్క కత్తిరించి పారేస్తే సరి" అంది మేనత్త. "రెండు కొసలూ అతికించెయ్యండి. టైమవుతోంది. నా కత్తెర ఉంది." సంచిలోంచి తీసి బల్ల మీద పెట్టింది.

ఎంత పదునుందో చూద్దామని ఓ కాగితం మీద పెట్టి నొక్కాను. కాగితం మడతపడిందే కానీ తెగలేదు.

"అది నాకు తప్ప ఎవరికీ తెగదు" అని ఆవిడ నవ్వింది. "ప్రత్యేకం చేయించుకున్నది. నా షాపులో పిల్లలు దొంగిలించినా ఉపయోగం లేదు."

"కత్తిరించడం కుదరదమ్మా. మూరెడు టేపంటే ఇరవై సెకన్లు. ఇరవై సెకన్లలో పిల్లలు ఏమేం చేస్తారో మీకు తెలియదు."

టేపును కొత్త డబ్బాలోకి మార్చి రెండో మిషన్లో పెట్టాను. "బొమ్మ టేపు మధ్యలో ఉంటుంది, మాట పైఅంచున ఉంటుంది. అంచు నలిగింది కాబట్టి ఆ ఇరవై సెకన్లూ బొమ్మ వస్తుంది, మాట రాదు. సరేనా?"

"సరే, పెట్టక్కా" అంది పిచ్చుక. నేను మీట నొక్కాను.

మొదట వాళ్ళ నాన్న గొంతు. ఈ వారమంతా నా చెవుల్లో ఉన్న గొంతే. రేడియోలూ టీవీలూ బాగుచేసే మనిషట, అన్నీ పద్ధతిగా చేసేవాడు. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టి మీట నొక్కేవాడు. కెమెరా గోడకి కొట్టిన మేకులా కదిలేది కాదు. పదమూడు టేపుల్లో ఒక్క బొమ్మ వంకరపోలేదు.

"ఈ రోజు ఆదివారం. పిచ్చుకమ్మ కొత్త గౌను వేసుకుంది. దొరగారు ఇంకా పళ్ళు తోముకోలేదు."

"తోముకున్నాను!" తెర మీద తొమ్మిదేళ్ళ పిల్లవాడు పళ్ళు బయటపెట్టి చూపించాడు. పక్కన పసుపు గౌనులో గుండ్రటి పిల్ల తన పళ్ళు కూడా చూపించింది. కుర్చీలో అమ్మ మూతి కదిలింది. నవ్వు దాకా వచ్చి ఆగింది.

నాలుగు నిమిషాల తర్వాత బొమ్మ తెగింది. మళ్ళీ వచ్చేసరికి తెర నిండా నేల. గచ్చు, ఒక బకెట్టు, కుర్చీ కాళ్ళు. అంతా ఊగుతోంది.

"చూశారా, పాడైందని చెప్తూనే ఉన్నాను" అంది మేనత్త.

"పాడవలేదు" అన్నాను. నాలో ఉత్సాహం పొంగింది. ఈ పనిలో నాకు అన్నిటికంటే ఇష్టమైనవి ఇలాంటి టేపులే. "తిరగబడింది. ఆ కెమెరాకి ఒకటే మీట. ఒకసారి నొక్కితే మొదలవుతుంది, మళ్ళీ నొక్కితే ఆగుతుంది. కొత్తవాళ్ళు ఎక్కడో ఒక నొక్కు ఎక్కువ నొక్కుతారు. అక్కణ్ణుంచి అంతా తలకిందులు. తీస్తున్నామనుకున్నప్పుడు కెమెరా నిద్రపోతుంది. ఆపేశామనుకుని చేతిలో పట్టుకు తిరుగుతుంటే అన్నీ ఎక్కుతాయి. తర్వాత పెట్టి చూస్తే కాళ్ళూ నేలా కనిపించి, పాడైందని అటక మీద పడేస్తారు."

"నాన్న అలా పొరపాటు చేసేవాడు కాదే" అంది పిచ్చుక.

నేనూ అదే అనుకుంటున్నాను. పైకి మాత్రం, "చూడండి, ఇలాంటి టేపుల్లోనే పిల్లలు నిజంగా కనిపిస్తారు" అన్నాను.

కనిపించారు. కెమెరా పెద్దవాళ్ళ చేతికి వేలాడుతోంది కాబట్టి సరిగ్గా పిల్లల ఎత్తులో ఉంది. బల్ల కింద ఇద్దరూ కూర్చుని ఉన్నారు. వాడు బిస్కెట్టును రెండుగా విడదీశాడు. క్రీము అంటుకున్న సగం చెల్లెలికిచ్చాడు, ఉత్త సగం తను నోట్లో వేసుకున్నాడు. పిల్ల క్రీము నాకేసి మిగిలింది వాడికే తిరిగిచ్చింది. వాడు అదీ తిన్నాడు. తర్వాత గౌను వెనకాల ఊడిపోయిన బెల్టును నాలుక బయటపెట్టి మరీ శ్రద్ధగా ముడివేశాడు. ముడి నిలవలేదు. మళ్ళీ వేశాడు.

"ఇవేవీ నేను చూడలేదు" అంది అమ్మ. ఎవరితో అందో తెలియదు.

కెమెరా పైకి లేచింది. పిల్లను గోడ దగ్గర నిలబెడుతున్నారు. ఆమె సరిగ్గా నిలబడగానే బొమ్మ తెగింది. మళ్ళీ నేల, మళ్ళీ కాళ్ళు. మళ్ళీ కెమెరా లేచింది, ఈసారి కిటికీ దగ్గర. పిల్ల నిలబడింది, తెగింది. లేచిన ప్రతిసారీ తెర కుడిమూలలో ఒక గులాబీరంగు మచ్చ.

అప్పుడు పక్కనుంచి మగవాడి పాదాలు నడిచి వెళ్ళాయి. కుడికాలి బొటనవేలి గోరు నల్లగా ఉంది. నిచ్చెన మీద ఒక్కో మెట్టూ ఎక్కి పైకి మాయమయ్యాయి.

"నాన్న!" అంది పిచ్చుక. "సుత్తి పడి నల్లబడిన గోరు."

పైకప్పు మీంచి దూరంగా గొంతు: "వచ్చిందా బొమ్మ?"

కింద వంటింట్లోంచి ఆడగొంతు: "రాలేదు! చుక్కలే!"

"యాంటెన్నా తిప్పుతున్నారు" అంది అమ్మ నెమ్మదిగా. "పొయ్యి మీద కూర వదిలేసి నేను టీవీ దగ్గరికీ పొయ్యి దగ్గరికీ తిరుగుతున్నాను. ఆ వెంటనే..."

ఆ వెంటనే నలిగిన ముక్క వచ్చింది. మాట ఆగిపోయి ఉత్త బుసబుస మిగిలింది.

మేడ గది గుమ్మం. గుమ్మంలో పసుపు గౌను పిల్ల. వెనకాల మెట్లు దిగిపోతున్న నీడ. పిల్ల కెమెరా వైపే చూస్తూ ఒక అడుగు వెనక్కి వేసింది. ఆగింది. తన బూట్లను చూసుకుంది. మళ్ళీ కెమెరాను చూసి నవ్వి ఇంకో అడుగు వేసింది. పక్క నుంచి పిల్లవాడు రెండు చేతులూ ముందుకు చాపి, నోరు తెరిచి, బాణంలా దూసుకొచ్చాడు. వాడి చేతులకీ ఆమెకీ మధ్య జానెడు దూరం ఉందనగా బొమ్మ తెగింది.

తిరిగి వచ్చేసరికి కెమెరా నేల మీద పక్కకి పడి ఉంది. పిల్లవాడి పాదాలు. వేలాడుతున్న పిడికిలి. పిడికిట్లో పసుపు బెల్టు, ఒక కొస చిరిగి. మెట్లెక్కి పరుగెత్తుకొచ్చిన ఆడమనిషి కాళ్ళు. ఆపైన నల్లటి తెర.

బస్టాండులో ఎవడో వేరుశనక్కాయలు అమ్ముతున్న అరుపు లోపలి దాకా వచ్చింది.

"చూశారుగా" అంది అమ్మ. ఆ గొంతులో గెలుపు లేదు. "నేను చెప్పింది అబద్ధమా? ఇవే చేతులు. ఇలాగే చాపి ఉన్నాయి. నేనూ ఇదే చూశాను."

దొర కిటికీ చువ్వలు పట్టుకున్నాడు. వెనక్కి తిరగలేదు.

"ఒక్క నిమిషం" అన్నాను. టేపును వెనక్కి తిప్పి పిల్ల నవ్విన చోట ఆపాను. "అమ్మా, మీ పాప ఎవర్ని చూసి నవ్వుతోంది?"

"కెమెరాను."

"కెమెరాను చూసి వెనక్కి అడుగులెందుకు వేస్తోంది? నాలుగేళ్ళ పిల్ల తనంతట తను అలా వెయ్యదు. ఎవరో చెప్తున్నారు, తను వింటోంది. వెనక్కి జరుగు, ఇంకొంచెం జరుగు. ఇలాంటివి నేను వెయ్యి చూశాను. పాదాలు బొమ్మలోకి రావట్లేదంటే తీసేవాడు వెనక్కి జరగడు, పిల్లను జరగమంటాడు."

పిచ్చుక మొహం పాలిపోయింది. "అంటే... నాన్నా?"

"కెమెరా ఆయన తప్ప ఎవరు పట్టుకుంటారు!" అమ్మ కుర్చీలోంచి లేచింది. "నాకు ఆ మిషన్ ఎటు తిప్పాలో కూడా తెలియదు. అయ్యో, ఆయనేనా? ఆయనే చేసి, నేను పసివాణ్ణి కొడుతుంటే చూస్తూ ఊరుకున్నారా?"

"తొందరపడకండి. నల్లగోరు పాదాలు నిచ్చెనెక్కాయి కదా, అప్పటినుంచి దిగలేదు. కప్పు మీంచి ఆయన గొంతు విన్నాం, వంటింట్లోంచి మీ గొంతు విన్నాం. తర్వాత పది సెకన్లలోనే ఇది. ఆయన పైన, మీరు కింద. కెమెరా మధ్యలో."

పిచ్చుక వేళ్ళ మీద లెక్కపెట్టింది. "నాన్న పైన. అమ్మ కింద. నేనూ అన్నయ్యా బొమ్మలో. ఇంకెవరున్నారు ఇంట్లో? అత్తయ్యా, నువ్వు అప్పుడు మనింటికి వచ్చి ఉన్నావు కదూ?"

"మీ అత్తయ్య పెరట్లో బట్టలారేస్తోంది" అంది అమ్మ, మేనత్త తరఫున తనే. "కేక విని తడిబట్ట చేత్తో పట్టుకునే నాకంటే ముందు పరుగెత్తుకొచ్చింది. నా పక్కనే ఏడ్చింది పాపం."

"మరి కెమెరా తనంతట తనే మేడెక్కిందా?"

"నేనే తోశాను."

అందరం తిరిగి చూశాం. దొర ఇటు తిరిగాడు. ముప్పై తొమ్మిదేళ్ళ మనిషి, జుట్టు పక్కన నెరిసింది, తప్పు చేసిన పిల్లవాడిలా చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు.

"ఒప్పుకుంటున్నాను. నేనే. కావాలని తోశాను. ఇంక ఆ టేపు ఆపెయ్యండి. పద అత్తయ్యా, బస్సొచ్చింది."

"ముప్పై ఏళ్ళు నోరు మెదపనివాడివి ఇప్పుడు ఒప్పుకుంటున్నావా?" పిచ్చుక అతనికి అడ్డం వెళ్ళి నిలబడింది. "క్రీము సగం నాకిచ్చినవాడివి, నన్ను తోశావా? మొహం చూసి చెప్పు."

అతను మొహం చూడలేదు. స్టూలు వైపు చూశాడు, ఒక్క క్షణం. వెంటనే చూపు తిప్పేసుకున్నాడు.

ఆ చూపు నేను పట్టుకున్నాను. తర్వాత తెర కుడిమూలలో మచ్చను చూశాను. ఆ కెమెరా కుడిచేతి వాళ్ళ కోసం చేసింది. పట్టీ ఒక పక్కనే ఉంటుంది. ఎడమచేత్తో పట్టుకుంటే వేలు వచ్చి అద్దం మీద పడుతుంది. తర్వాత నా బల్ల మీద ఉన్న కత్తెరను చూశాను. నా చేతిలో తెగని కత్తెర. స్టూలు మీద కూర్చున్న ఆవిడ పట్టకారు పట్టుకున్న ఎడమచెయ్యి గుర్తొచ్చింది.

నోటిదాకా వచ్చిన మాటను మింగేశాను. వాళ్ళు చూడమని ఇచ్చిన ఇల్లే తప్ప అది నా ఇల్లు కాదు. ఆ మాట చెప్పాల్సిన నోరు వేరే ఉంది.

"మాట వినిపిస్తే తేలిపోతుంది" అన్నాను. "ముడత తీస్తే వినిపించవచ్చు."

టేపును మళ్ళీ బయటికి తీశాను. జుట్టు ఆరబెట్టుకునే మిషన్‌తో దూరం నుంచి కొద్దిగా వేడి గాలి కొట్టి, గాజుగ్లాసు అడుగుతో రుద్దాను. పెట్టి చూస్తే బుసబుసే. మళ్ళీ రుద్దాను. ఈసారి బుసలోంచి ఏదో గొంతు, మనిషో గాలో తెలియనంత. కింద బస్సు హారన్ కొట్టింది. మూడూ యాభై ఐదు. దొర రెండు సంచులూ భుజానికెత్తుకున్నాడు.

"వెళ్తాను. అమ్మా, వస్తాను" అన్నాడు. ఆ రెండో మాట అలవాటుగా వచ్చిందేమో, అతనే ఉలిక్కిపడ్డాడు.

అమ్మ కుర్చీ చెయ్యి పట్టుకుంది.

"ఆగరా దొరా" అంది మేనత్త.

ఆవిడ స్టూలు మీంచి లేచి నా బల్ల దగ్గరికొచ్చింది. తెర మీద ఆపి ఉన్న చివరి బొమ్మను, ఆ పిడికిట్లోని పసుపు బెల్టును కళ్ళు చికిలించి చూసింది.

"ఆ గౌను నేనే కుట్టాను" అంది. "బెల్టు కొస చూడండి. కుట్టు దగ్గర పీచులు పీచులుగా లేచింది. లాగితేనే అలా చిరుగుతుంది. తోస్తే చిరగదు. ముప్పై ఏళ్ళుగా బట్టల మధ్య బతుకుతున్నాను, నాకు తెలుసు. వాడు పట్టుకున్నాడు. బట్టే నిలవలేదు."

"అత్తయ్యా, వద్దు" అన్నాడు దొర. "పద, బస్సు."

"ఇలా ఇవ్వండి" అని మిషన్లోంచి టేపు తీయించుకుంది. "రుద్దితే రాదిది. పట్టుబట్టకి ముడత తీసినట్టు తీయాలి. అడ్డంగా కాదు, పొడుగునా."

గ్లాసు పక్కకి పెట్టేసింది. తన సంచిలోంచి మెత్తటి పట్టుగుడ్డ ముక్క తీసి టేపు మీద కప్పింది. ఎడమచేతి బొటనవేలు దానిమీద ఆనించి, అంచు వెంట మెల్లగా జరిపింది. బియ్యపుగింజంత ముందుకి, ఆగి, మళ్ళీ గింజంత. ఏ ముక్కను కత్తిరించి పారెయ్యమందో ఆ ముక్కనే. కన్నీటి చుక్క ముక్కు కొస దాకా వచ్చింది. టేపు మీద పడకుండా భుజానికి తుడుచుకుంది. పదిహేను నిమిషాలు పట్టింది. కింద బస్సు ఇంకోసారి హారన్ కొట్టింది.

"పెట్టండి" అంది.

పెట్టాను. బుస తగ్గింది. గొంతు పైకి తేలింది. ఆడగొంతు, పడుచుది, నవ్వుతూ.

"ఇంకో అడుగు వెనక్కి, పిచ్చుకా. కొత్త బూట్లు కనిపించాలా వద్దా? అదీ. బంగారం. ఇంకొక్కటి..."

పిల్లవాడి కేక. "వద్దు! వెనకాల మెట్లున్నాయి! పిచ్చుకా, ఆగు!"

తెగింది. మళ్ళీ వచ్చింది. నేల, పాదాలు, పిడికిలి, బెల్టు. కింద ఎక్కడో పసిపిల్ల ఏడుపు. పరుగెత్తుకొస్తున్న కాళ్ళు. ముప్పై ఏళ్ళ నాటి అమ్మ గొంతు గదంతా నిండిపోయింది.

"ఎవరు చేశారు? నోరు విప్పరేం? ఎవరు చేశారిది?"

టేపులో ఎవరూ జవాబు చెప్పలేదు. తెర నల్లబడింది.

కుర్చీ పట్టుకుని నిలబడిన అమ్మ తెరను కాకుండా ఆడపడుచును చూస్తోంది. దొర సంచులు కింద పడేసి మేనత్త చెయ్యి పట్టుకున్నాడు. గట్టిగా, ఏదో ఆపాలన్నట్టు. ఆవిడ ఆ చేతిని ఒక్కసారి నిమిరి విడిపించుకుంది.

"నేను, వదినా" అంది. "నేనే చేశాను."